తిరగని బ్రష్షు - లోపం ఎక్కడుంది?

పత్తి తీసే రోజుల్లో గుంటూరు నుంచి అమరావతి వైపో, చిలకలూరిపేట వైపో బస్సులో వెళ్ళేటప్పుడు కిటికీలోంచి బయటికి చూడండి. రోడ్డు పక్క తుమ్మకొమ్మలకు తెల్లని పింజలు వేలాడుతుంటాయి. పత్తి లారీలు కొమ్మల్ని రాసుకుంటూ పోయిన గుర్తులవి. ఆ తర్వాత మిరప కోతలు వస్తాయి. కల్లాల నిండా ఎర్రగా కాయలు ఆరుతుంటాయి. గాలి తోలితే చాలు, దారిన పోయేవాళ్ళకు తుమ్ములే తుమ్ములు.

ఈ పింజలూ, ఈ దుమ్మూ పొలాల్లోనే ఆగిపోవు కదా! బట్టలకు అంటుకుని, చెప్పులకు పట్టుకుని ఇంట్లోకి వస్తాయి. చీపురుతో ఊడిస్తే సగం దుమ్ము గాలిలోకి లేచి, గంట గడిచేసరికి మళ్ళీ నేల మీదే పరుచుకుంటుంది. అలా కాకుండా దుమ్మును పీల్చి సంచిలో బంధించేది వాక్యూం క్లీనర్. మన దేశంలో 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ సంస్థ ఇంటింటికీ మనుషుల్ని పంపి అమ్మడంతో ఈ యంత్రం పేరు పట్టణాల్లో చాలామందికి తెలిసింది.

ఇప్పటి యంత్రాలు కొన్నింటిలో నేలను తాకే మూతి దగ్గర గుండ్రంగా తిరిగే బ్రష్షు ఒకటి ఉంటుంది. దానికి వేరే మోటారు. యంత్రం కొన్న ఏడాదికో రెండేళ్ళకో ఈ బ్రష్షు హఠాత్తుగా ఆగిపోతుంది. పెద్ద డబ్బా మాత్రం గుర్రుమంటూ తిరుగుతూనే ఉంటుంది. చాలామంది ఇక్కడే "మోటారు కాలిపోయింది" అని తీర్మానించేస్తారు. నిజానికి కాలిపోయిందో లేదో తేల్చుకోవడానికి కావలసింది కాస్త తొమ్మిదో తరగతి, పదో తరగతి భౌతికశాస్త్రమే. అదెలాగో చూద్దాం.

పీల్చడం ఒక్కటే చాలదా?

"యంత్రం దుమ్మును లాగుతుంది" అంటాం గాని, నిజానికి లాగేదేమీ లేదు. డబ్బాలో వేగంగా తిరిగే ఫ్యాను లోపలి గాలిని బయటికి తోసేస్తుంది. లోపల పీడనం తగ్గుతుంది. బయటి వాతావరణ పీడనం గాలిని గొట్టంలోకి నెడుతుంది. ఆ గాలితోపాటే దుమ్మూ లోపలికి పోతుంది.

నున్నని గచ్చు మీద ఇది చక్కగా పనిచేస్తుంది. కాని జంపఖానా సంగతి వేరు. దుమ్ము దారాల సందుల్లో ఇరుక్కుని ఉంటుంది. అందుకే పండగ ముందు మన ఇళ్ళలో జంపఖానాను గోడ మీద వేసి కర్రతో దబదబా బాదుతారు. దెబ్బకు దారాలు కదిలి దుమ్ము విడిపోతుంది. తిరిగే బ్రష్షు చేసే పని కూడా ఇదే. అది బాదుతూ, దువ్వుతూ దుమ్మును విడదీస్తే, గాలి దాన్ని మోసుకుపోతుంది.

ఈ రెండింటినీ విద్యుత్తుతో కలిపి నడిపించి పేరు పొందినవాడు జేమ్స్ మర్రే స్పాంగ్లర్. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కాంటన్ అనే ఊళ్ళో ఒక పెద్ద దుకాణం ఊడ్చే పని ఆయనది. ఉబ్బసం మనిషి. ఊడ్చినప్పుడల్లా లేచే దుమ్ముకు ఊపిరి ఆడేది కాదు. 1907లో ఒక ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు, తిరిగే బ్రష్షు కలిపి యంత్రం కట్టాడు. 1908 జూన్ 2న దానికి పేటెంటు వచ్చింది. తోలు సామాను తయారుచేసే విలియం హూవర్ ఆ హక్కులు కొని పెద్ద వ్యాపారం చేశాడు. నేల మీద లాక్కుంటూ పోయే డబ్బా రకాన్ని 1921లో స్వీడన్‌కు చెందిన ఎలక్ట్రోలక్స్ సంస్థ తెచ్చింది.

పత్తిసీమలో ఉన్న మీకు తిరిగే బ్రష్షుకు ఇంకా పాత చుట్టం ఒకటి ఉందని తెలిస్తే సంతోషం కలగవచ్చు. 1794లో ఎలీ విట్నీ పేటెంటు పొందిన పత్తి జిన్నులో పళ్ళున్న ఉరుళ దూదిని గింజ నుంచి లాగేది. ఆ పళ్ళకు అంటుకున్న దూదిని వెనక నుంచి ఊడ్చి తీసేది ఒక తిరిగే బ్రష్షే! రంపపు జిన్నుల్లో ఆ ఏర్పాటు ఇప్పటికీ ఉంది. మన దేశంలో ఎక్కువగా కనిపించే డబుల్ రోలర్ జిన్నులో బ్రష్షుకు బదులు తోలు రోలర్లు, వాటికి ఆనుకుని కత్తులు ఉంటాయి.

లోపల ఏముంటుంది?

డబ్బా రకం యంత్రంలో కరెంటు ప్రయాణం ఎలా సాగుతుందో వరసగా గుర్తుపెట్టుకోండి. గోడ ప్లగ్గు నుంచి డబ్బాలోకి వస్తుంది. అక్కడి నుంచి వంగే గొట్టం గోడలో దాగి ఉన్న రెండు తీగల ద్వారా పిడి దగ్గరికి పోతుంది. పిడి మీద బ్రష్షుకు వేరే స్విచ్చి ఉండవచ్చు. పిడి నుంచి నిలువు గొట్టం వెంట దిగి, చివర చిన్న పిన్నుల ద్వారా బ్రష్షు మూతిలోకి చేరుతుంది. మూతిలో ముందుగా ఒక రక్షణ మీట, తర్వాత మోటారు. మోటారు నుంచి పళ్ళున్న రబ్బరు బెల్టు, బెల్టు నుంచి బ్రష్షు ఉరుళ. ఉరుళ రెండు చివర్లా బేరింగులు.

గొలుసులో ఏ లంకె తెగినా గొలుసంతా పనికిరాదు. కాని తెగింది ఒక్క లంకే. దాన్ని పట్టుకోవడమే మన పని.

ఇంకో రకం మూతి ఉంది. అందులో మోటారు ఉండదు, తీగలూ పిన్నులూ ఉండవు. లోపలికి దూసుకొచ్చే గాలే చిన్న చక్రాన్ని తిప్పితే, ఆ చక్రం బ్రష్షును తిప్పుతుంది. జాతరలో పిల్లలు కొనే కాగితపు గాలిచక్రం లాంటిదే. ఇలాంటి మూతి మందగించిందంటే మొదట అనుమానించవలసింది కరెంటును కాదు, గాలిని. దుమ్ము సంచి నిండిందా? గొట్టంలో గుడ్డపేలిక అడ్డం పడిందా? గొట్టానికి చిల్లు పడిందా? ఇవి చూడాలి.

చేయి పెట్టే ముందు

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ వ్యాసంలో మిగతాదంతా మరచిపోయినా ఫరవాలేదు, ఈ భాగం మాత్రం మరచిపోవద్దు.

బ్రష్షు ఉరుళ వ్యాసం 5 సెంటీమీటర్లు అనుకుందాం. దాని చుట్టుకొలత సుమారు 15.7 సెంటీమీటర్లు. నిమిషానికి 3000 సార్లు తిరిగితే సెకనుకు 50 చుట్లు. అంటే 45 సెంటీమీటర్ల దారం కొస ఒకటి దొరికితే, మూడు చుట్లలో, సెకనులో సుమారు ఇరవయ్యో వంతులో అది మొత్తం చుట్టుకుపోతుంది. మరి మన సంగతి? కన్ను చూసి, మెదడు తెలుసుకుని, చేయి కదలడానికి సెకనులో అయిదో వంతు దాకా పడుతుంది. ఆ లోపు ఉరుళ పది చుట్లు తిరిగేస్తుంది. ఒకటిన్నర మీటర్ల పైగా గుడ్డనో జడనో లాగేస్తుంది. "పట్టుకోగానే వెనక్కి లాక్కోవచ్చు" అనుకోవడం ఉత్త భ్రమ.

ఇంకా ప్రమాదం ఏమిటంటే, ఇరుక్కుని ఆగిన బ్రష్షుకు కరెంటు అందుతూనే ఉండవచ్చు. మీరు చిక్కు తీసిన మరుక్షణం అది మీ వేళ్ళ మధ్యే గిర్రున తిరుగుతుంది. అందుకని స్విచ్చి ఆపితే సరిపోదు. ప్లగ్గును గోడ నుంచి ఊడదీసి, మీ కళ్ళ ముందు పెట్టుకోండి. బ్యాటరీతో నడిచే కర్ర రకమైతే బ్యాటరీ ఊడదీయండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరిని పక్కన ఉండమనండి.

ఈ లెక్క బ్రష్షుకు మాత్రమే కాదు. పిండిమర బెల్టు, కారం మిల్లు ఇరుసు, నూర్పిడి యంత్రం, గడ్డి కత్తిరించే యంత్రం, బైకు వెనక చక్రం - తిరిగే ప్రతిదానికీ ఇదే లెక్క. వోణీ కొస, చున్నీ, కండువా, విరబోసిన జుట్టు వీటి దగ్గరికి పోకూడదని పెద్దలు కసిరేది ఇందుకే.

మూడు ప్రశ్నలు

యంత్రాన్ని విప్పకముందే మూడు విషయాలు గమనిస్తే సగం పని అయిపోతుంది. మూతిని నేల మీదే ఉంచి, చేతులు దూరంగా పెట్టుకుని, ఒక్కసారి నడిపి చూడండి.

మొదటిది, మూతి నుంచి మోటారు చప్పుడు వస్తోందా? చప్పుడు వస్తూ బ్రష్షు తిరగకపోతే కరెంటు అందుతున్నట్టే, మోటారు బతికున్నట్టే. బెల్టు తెగి ఉంటుంది, లేదా పళ్ళు అరిగి జారుతూ ఉంటుంది. కాలిన రబ్బరు వాసన వస్తే ఈ అనుమానం బలపడుతుంది.

రెండోది, కొద్ది సెకన్లు తిరిగి ఆగిపోతోందా? అయితే ఉరుళకు ఏదో అడ్డు ఉంది. మోటారు మీద భారం ఎక్కువై రక్షణ మీట పనిచేస్తోంది.

మూడోది, గొట్టాన్ని కదిపినప్పుడు ఒకసారి తిరిగి, ఒకసారి ఆగుతోందా? అయితే ఎక్కడో తీగ విరిగింది, లేదా పిన్ను వదులైంది.

ఈ మూడూ కాక, పూర్తి నిశ్శబ్దంగా ఉందా? అయితే కరెంటు మోటారు దాకా రావడం లేదు, లేదా రక్షణ మీట తెగి ఉంది. పిడి మీది స్విచ్చి వేసి ఉందో లేదో కూడా చూడండి. కొన్ని యంత్రాల్లో నిలువు గొట్టాన్ని నిటారుగా నిలబెడితే బ్రష్షు తనంతట తానే ఆగుతుంది. అది లోపం కాదు, రక్షణ కోసం పెట్టిన ఏర్పాటు.

చిక్కుముడి

ఇక ప్లగ్గు ఊడదీసి, మూతిని వెల్లకిలా తిప్పండి. చాలాసార్లు లోపం ఇక్కడే కళ్ళకు కనిపిస్తుంది. ఉరుళ చుట్టూ జుట్టు, కుట్టుమిషను దారాలు బిగుసుకుని ఉంటాయి. మంగళగిరి లాంటి ఊళ్ళలో నేత ఇళ్ళయితే మగ్గం పోగులు కూడా.

పత్తి చుట్టుకోదా? ఒంటి పింజ అయితే చుట్టుకోలేదు. మన ప్రాంతపు పత్తి పోగు పొడవు 3 సెంటీమీటర్లకు అటూ ఇటూ. ఉరుళ చుట్టుకొలత దాదాపు 16 సెంటీమీటర్లు. ఒక చుట్టు కూడా రాదు! కాని ముందే చుట్టుకున్న జుట్టూ దారాల సందుల్లో ఈ పోగులు దూరి, ఒత్తుగా అట్టకడతాయి. జుట్టు తాడు వేస్తే, పత్తి గోడ కడుతుందన్నమాట.

ఈ చుట్లను కొస పట్టుకుని లాగితే రావు. ఎందుకో తెలుసా? పొగరుబోతు కోడెను రైతు ఎలా ఆపుతాడో చూసే ఉంటారు. పలుపును గుంజకు రెండు మెలికలు వేసి కొస పట్టుకుంటాడు. కోడె ఎంత గుంజినా కదలదు. తాడుకూ గుంజకూ మధ్య ఘర్షణ ప్రతి చుట్టుకూ కలవడం కాదు, హెచ్చించుకుంటూ పోతుంది. ఘర్షణ గుణకం 0.3 అయితే ఒక చుట్టుకు సుమారు ఆరున్నర రెట్లు, రెండు చుట్లకు సుమారు 43 రెట్లు బలాన్ని నిలబెట్టవచ్చు. ఉరుళ మీద చుట్లు పదులూ వందలూ ఉంటాయి. అందుకే లాగకండి, కత్తిరించండి. ఉరుళ పొడవునా ఉండే గాడి వెంట కత్తెర మొన పోనిచ్చి అడ్డంగా కోస్తే చుట్లు వాటంతటవే విడిపోతాయి. బ్రష్షు వెంట్రుకలు తెగకుండా చూసుకోండి.

రెండు చివర్లూ తప్పక చూడండి. జుట్టు పక్కకు జరిగి బేరింగు దగ్గర చేరుతుంది. అక్కడ ఘర్షణతో వేడి పుట్టి ప్లాస్టిక్కు మెత్తబడే ప్రమాదం ఉంది. శుభ్రం చేశాక వేలితో తిప్పితే ఉరుళ సులువుగా తిరగాలి.

మీట ఎందుకు తెగింది?

మీ ఇంట్లో మిక్సీని బోర్లించి చూడండి. అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. గోంగూర పచ్చడి గట్టిగా ఉన్నప్పుడు మిక్సీ ఆగిపోతే అమ్మ కాసేపాగి దాన్ని నొక్కుతుంది. బ్రష్షు మూతిలోనూ అలాంటిదే ఉండవచ్చు. అది ఏం చేస్తుంది?

తిరుగుతున్న మోటారు ఒకవిధంగా జనరేటరు కూడా. తిరుగుతూ తనలో తానే వ్యతిరేక దిశలో విద్యుచ్చాలక బలాన్ని పుట్టిస్తుంది. అది వచ్చే కరెంటును అదుపులో ఉంచుతుంది. సులువైన లెక్క కోసం 12 వోల్టుల మోటారు తీసుకుందాం. దాని తీగచుట్ట నిరోధం 2 ఓములు. తిరిగేటప్పుడు 10 వోల్టుల వ్యతిరేక బలం పుట్టిందనుకోండి. మిగిలింది 2 వోల్టులు. కరెంటు 1 ఆంపియరు. చుట్టలో పుట్టే వేడి 2 వాట్లు.

ఇప్పుడు ఉరుళ ఇరుక్కుని మోటారు ఆగింది. వ్యతిరేక బలం సున్నా. మొత్తం 12 వోల్టులూ చుట్ట మీదే పడతాయి. కరెంటు 6 ఆంపియర్లు. వేడి 72 వాట్లు! చూశారా, ఏకంగా 36 రెట్లు. పైగా తిరిగేటప్పుడు వీచే గాలి కూడా లేదు. తీగ మీది పూత మాడకముందే మీట తెగి వలయాన్ని విడగొడుతుంది.

కాబట్టి మీట తెగడం రోగం కాదు, రోగ లక్షణం. చిక్కు తీయండి, అరగంట చల్లారనివ్వండి, ఆ తర్వాతే మీటను నొక్కండి. కొన్ని మూతుల్లో బటన్ ఉండదు. చల్లారాక అవే మళ్ళీ కలుసుకుంటాయి. మీట పదేపదే తెగుతోందని దాన్ని కట్టేయడమో, తీగతో దాటవేయడమో చేయవద్దు. ఇంట్లో ఫ్యూజు పోతుంటే లావు రాగితీగ చుట్టడం ఎంత అవివేకమో ఇదీ అంతే. అడ్డు తీయకుండా అడ్డు చెప్పేవాడి నోరు మూయించడం!

తీగ విరిగిందా?

చిక్కు లేదు, బెల్టు బాగుంది, మీట బాగుంది, అయినా నిశ్శబ్దం. అప్పుడు దారి వెంట నడవాలి. ముందు పిన్నులు చూడండి. వంగాయా? మసిపట్టాయా? పొడిగుడ్డతో తుడిచి, గొట్టం భాగాలను టక్కుమనే దాకా బిగించండి. చాలా మూతులు ఈపాటికే లేచి కూచుంటాయి.

లేదంటే వంగే గొట్టాన్ని పరీక్షించండి. దాన్ని డబ్బా నుంచీ, నిలువు గొట్టం నుంచీ పూర్తిగా విడదీయండి. టార్చిలైటు బల్బు ఒకటి, 1.5 వోల్టుల ఘటాలు రెండు, కొంచెం తీగ చాలు. ఘటాలనూ బల్బునూ శ్రేణిలో కలిపి, రెండు కొసలను గొట్టంలోని ఒకే తీగ రెండు చివర్లకూ తాకించండి. పిడి మీది స్విచ్చి వేసి ఉంచండి. బల్బు వెలిగితే తీగ బాగున్నట్టు. అలాగే పట్టుకుని, ఇంకొకరిని గొట్టం వంచమనండి. బల్బు మినుకుమినుకుమంటే విరుపు అక్కడే ఉంది. సాధారణంగా అది పిడికి దగ్గరలో ఉంటుంది. ఎక్కువసార్లు వంగే చోటే లోహం అలిసి విరుగుతుంది. ఇనుపతీగను అటూ ఇటూ వంచి తెంపడం మీకు తెలిసిందే. రెండో తీగనూ ఇలాగే చూడండి. చివరగా ఒక తీగ నుంచి రెండో తీగకు తాకించండి. ఇప్పుడు బల్బు వెలగకూడదు. వెలిగితే లోపల రెండూ కలిశాయన్నమాట. ఆ గొట్టాన్ని మళ్ళీ డబ్బాకు తగిలించవద్దు.

విరిగిన గొట్టాన్ని అతికించే ప్రయత్నం చేయకండి. అందులో పారేది ఇంటి కరెంటు, 230 వోల్టులు. కొత్త గొట్టం వేయాలి. కరెంటు ఉన్నప్పుడు పిన్నుల దగ్గర ఏ పరీక్షా చేయరాదు. గొట్టమూ బాగుంటే, అప్పుడు మాత్రమే మోటారును అనుమానించాలి. అందులోని కార్బన్ బ్రష్షులు అరిగి ఉండవచ్చు. అది మెకానిక్కు పని. కాని మీరు ఆయనతో "మోటారు పోయింది" అనరు. "బెల్టు, మీట, పిన్నులు, గొట్టం చూశాను, బాగున్నాయి" అంటారు. ఆ ఒక్క మాటతో ఆయన సమయమూ, మీ నాన్నగారి డబ్బూ మిగులుతాయి.

మిరపకారం సంగతి

మన వైపు ఇళ్ళకు ఒక హెచ్చరిక. కారం ఒలికితే వాక్యూం క్లీనర్ పెట్టకండి. సన్నని పొడి మామూలు వడపోత గుడ్డ సందుల్లోంచి దూరి, వెనక నుంచి గదంతా చిమ్ముతుంది. కళ్ళూ ముక్కూ మండిపోతాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళకు అది మరీ ప్రమాదం. కారంలో నూనె ఉంటుంది కనుక బ్రష్షుకూ గొట్టానికీ అంటుకుని ఓ పట్టాన వదలదు. తడిగుడ్డతో తుడవడమే మేలు.

చేసి చూడండి

బొమ్మకారు మోటారు ఒకటి, టార్చి బల్బు, రెండు ఘటాలు తీసుకుని మూడింటినీ శ్రేణిలో కలపండి. మోటారు స్వేచ్ఛగా తిరిగేటప్పుడు బల్బు ఎలా వెలుగుతోందో చూడండి. ఇప్పుడు ఇరుసును రెండు వేళ్ళతో క్షణంపాటు పట్టి ఆపండి. బల్బు వెలుగు పెరుగుతుంది! తిరగని మోటారు ఎక్కువ కరెంటు తాగుతుందని బల్బే సాక్ష్యం చెబుతుంది.

తర్వాత మీ ఇంట్లో తిరిగే వస్తువులన్నీ ఒక కాగితం మీద రాయండి. మిక్సీ, గ్రైండరు, ఫ్యాను, కుట్టుమిషను, నీళ్ళ మోటారు. ఒక్కొక్కటి హఠాత్తుగా ఆగితే ఏయే లంకెలు, ఏ వరసలో చూడాలో పక్కన రాసుకోండి. తేలికగా చూడగలిగినది ముందు, కష్టమైనది చివర. ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడాలి. రెండు ఒకేసారి మారిస్తే, బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు.

ఆ కాగితం మొదటి వరసలో మాత్రం పెద్ద అక్షరాలతో ఇది రాయండి: "ముందు ప్లగ్గు ఊడదీయాలి."